ఎనభై అడుగుల రోడ్డులో సైకిల్ ట్రాక్ ఎక్కడ పడుతుంది?

ప్లాన్ కాగితం నమ్మకండి, టేపు పట్టి గోడ నుంచి గోడ దాకా కొలవండి. మెట్లు, ర్యాంపులు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలు పోగా మిగిలేదే అసలు వెడల్పు.

24 మీటర్లు నిజంగా దొరికితే లెక్క ఇది: డివైడర్ 1.2, ఒక్కో వైపు రెండు లేన్లకు 6.6, రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్య ఎడం 0.75, ట్రాక్ 2, ఫుట్‌పాత్ 2. మొత్తం 23.9. లేన్ 3.5 ఉండాల్సిందేనని ఎవరైనా పట్టుబడితే ముందు కోసేది ఆ ఎడాన్నే. కోయనివ్వొద్దు. ఆగిన కారు ఎడమ తలుపు తెరుచుకునేది అందులోకే.

ఉత్త తెల్లగీతతో సరిపెడితే అది స్కూటర్ల పార్కింగే. ట్రాక్‌ను రోడ్డు కన్నా 100 మి.మీ. ఎత్తులో, ఫుట్‌పాత్ కన్నా 50 మి.మీ. కింద పోయండి. గేటు వచ్చినచోటల్లా ట్రాక్‌ను దించకండి. ర్యాంపు ఆ 0.75 ఎడంలోనే ముగియాలి. కారు ఎక్కాలి, సైకిల్ దిగకూడదు.

కాలవ పలకల మీద ట్రాక్ వేయకండి. పూడిక తీసిన ప్రతిసారీ పలక లేస్తుంది, తిరిగి సమంగా కూర్చోదు. వాన నీటి జాలీ కడ్డీలు సైకిల్ వెళ్లే దిక్కుకు అడ్డంగా ఉండాలి. రేసు సైకిల్ టైరు వెడల్పు 25-30 మి.మీ. మాత్రమే. కడ్డీలు అదే దిక్కులో ఉంటే చక్రం దిగబడి మనిషి ముందుకు పడతాడు. శుభ్రం చేశాక జాలీ తిప్పి పెట్టేశారేమో చూసుకోండి.

విశాఖ బీచ్ రోడ్డు దగ్గర, ట్రాక్‌లోకి బళ్లు రాకుండా పెట్టే పొట్టి స్తంభాలు (బొలార్డులు) ఇనుపవి వద్దు, ఉప్పుగాలికి పాదాల దగ్గర తుప్పు తినేస్తుంది. రాయివి పెట్టండి, మధ్య ఖాళీ 1.2 మీటర్లు. 1.3 మీటర్ల ఆటో పట్టదు. బైకు పడుతుంది, దాన్ని ఆపే ఖాళీ సైకిల్‌నూ ఆపేస్తుంది కాబట్టి అది పోలీసుల పనే.

బీచ్ నుంచి సిరిపురం వైపు ఎక్కే దారుల్లో ఎక్కే వైపు 2.5 మీటర్లు ఇవ్వండి. మెల్లగా తొక్కేవాడు అటూ ఇటూ ఊగుతాడు. చోటు చాలకపోతే దిగే వైపు ట్రాక్ మానేయొచ్చు.

బస్టాపులో ట్రాక్ షెల్టర్ వెనక నుంచి పోవాలి. దిగేవాళ్లు నిలబడే దిమ్మెకు దాదాపు 2 మీటర్లు కావాలి. అక్కడ డివైడర్‌ను 0.6కు, ఆ వైపు ఒక్కో లేన్‌ను 3కు తగ్గిస్తే, ఎడంతో కలిపి 1.95 వస్తుంది. ఎదురెదురు స్టాపులు మాత్రం ఒకేచోట పడకూడదు.

జంక్షన్‌లో ఫ్రీ లెఫ్ట్ తీసేయండి. ట్రాక్ దాటేచోటును మలుపు నుంచి ఒక కారు పొడవు, అంటే 5 మీటర్లు లోపలికి జరిపి, రోడ్డునే ట్రాక్ ఎత్తుకు లేపండి. కారు అప్పటికే మలుపు తిరిగి ట్రాక్ ముందు ఆగుతుంది, డ్రైవరుకు సైకిల్ అద్దంలో కాక ఎదురుగా కనిపిస్తుంది.

కర్బు (ట్రాక్ అంచు గట్టు) పోసేముందు రెండు వారాలు కోన్లు పెట్టి చూడండి. బడి బస్సు రోజూ ఎక్కడ ఆగుతుందో, ఏ కోను రోజూ పడిపోతుందో సుద్దతో గుర్తు పెట్టి, డ్రాయింగ్ మార్చాకే కాంక్రీటు తెప్పించండి.