బాడుగ ఇంటి గోడకు బూజు పట్టకముందే

అనంతపురంలో బూజేంది, తాగే నీళ్లకే కటకట కదా అని మా బావమరిది నవ్వాడు. నిజమే, ఇక్కడ ఏడాది మొత్తానికి పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కానీ అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కురుస్తుంది. 2022 అక్టోబరులో నడిమివంక వాగు పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చింది మరిచిపోయామా? గోడ తడిసి రెండు రోజుల్లో ఆరకపోతే చాలు, బూజు మొదలవుతుంది.

నేను ఇక్కడ బాడుగకు ఉంటాను. కడపలో మా నాన్న కట్టిన ఇల్లు బాడుగకు ఇచ్చాను. అంటే రెండు వైపులా మాటలు పడ్డవాణ్ణి.

ఆగస్టు దాటకముందే ఒకసారి మిద్దె ఎక్కండి. వాన నీళ్లు దిగే పైపు మూతిలో ఆకులు, ఇసుక తీసేయండి. పిట్టగోడ, శ్లాబు కలిసే చోట పగుళ్లు చూడండి. అనుమానమున్న చోట నాలుగు బకెట్లు పోసి, మరుసటి రోజు కింద గదిలో పైకప్పు చూడండి. బాత్‌రూమ్‌ గోడకు అవతలి వైపు, బీరువా వెనక తప్పకుండా చూడాలి. తెల్లటి పొడి రాలుతుంటే తడి వేలితో రుద్దండి. కరిగిపోతే అది చవుడు. నల్లగానో పచ్చగానో చుక్కలు చుక్కలుగా ఉండి, ముక్కిన వాసన వస్తే బూజు. ఏదైనా లోపల చెమ్మ ఉన్నట్టే.

ఇక ఖర్చు ఎవరిది? మిద్దె కారినా, గోడలో పైపు పగిలినా, పునాది నుంచి చెమ్మ ఎక్కినా ఇంటాయన చూసుకోవాలి. కిటికీలు బిగించి లోపలే బట్టలు ఆరేసి, వంటింటి ఆవిరి బయటికి పోనివ్వకపోతే మాత్రం ఆ బూజు మనదే. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా కట్టడం మరమ్మతులు, పైపుల మార్పు ఇంటాయన మీదే పెట్టింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తెచ్చుకుంటేనే చట్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌ పాతదైనా పనికొస్తుంది. బయటికి కనిపించని పెద్ద లోపం తనకు తెలిసి ఉంటే ఇంటాయన ముందే చెప్పాలి. తాను చేయాల్సిన మరమ్మతు, మనం తెలియజేశాక కూడా తగిన గడువులో చేయకపోతే, మనమే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా బాడుగలో పట్టుకోవచ్చు. మెలిక ఒకటుంది. ఏది 'తాను చేయాల్సిన' మరమ్మతు అన్నదాని మీదే గొడవంతా. ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. అందుకే పదకొండు నెలల అగ్రిమెంటులో 'మిద్దె కారడం, పైపులు, చెమ్మ ఓనరు బాధ్యత' అని ఒక్క లైను రాయించుకోండి.

ఫోన్‌లో చెబితే చెప్పినట్టు కాదు. వాట్సాప్‌లో ఫోటోతో పెట్టండి: 'అన్నా, పడమటి రూములో శ్లాబు కింద తడి కనపడుతోంది, ఫోటో పంపినా. వానలు మొదలుకాకముందే చూపించన్నా.' 'వానలైనాక చూద్దాంలే' అన్నా సరే, ఆ జవాబూ దాచుకోండి. నా కడప ఇంట్లో బీరువా వెనక రెండేళ్లు బూజు ఉంది. బాడుగకున్నవాళ్లు దాచారని మొదట కోపమొచ్చింది. నిజానికి నేనూ రెండేళ్లు తొంగి చూడలేదు.

కోపంతో బాడుగ ఆపేయకండి. బాకీ పడితే ఖాళీ చేయించడానికి మీరే కారణం చేతికిచ్చినట్టు.

బూజు తుడిచేటప్పుడు మాస్కు కట్టుకోండి, పొడి చీపురుతో దులపొద్దు, గాల్లోకి లేస్తుంది. సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టండి. బ్లీచింగ్‌లో బాత్‌రూమ్‌ యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది. ఆయాసమున్న పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టకండి. కారేది ఆపకుండా మీద పెయింట్ కొట్టించడం దండగ.

ఇంట్లో దిగిన రోజు గోడల ఫోటోలు కూడా తీసుకోండి. ఖాళీ చేసి అడ్వాన్సు చేతికొచ్చేదాకా వాటిని ఫోన్‌లోంచి తీసేయొద్దు.