వేసవికి ముందు థర్మల్ కెమెరాలు: రూటర్‌లో పోర్టు తెరవకండి

2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీటీవీ దృశ్యాలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. పెట్టెలోంచి తీసినప్పటి పాస్‌వర్డ్‌నే మార్చకుండా వదిలేయడం వల్ల ఆ దారి తెరుచుకుందని దర్యాప్తులో తేలింది. ఆ వార్త చదివాక కూడా, నిప్పునీ మనిషినీ వేడిని బట్టి పసిగట్టే థర్మల్ కెమెరాలు పెట్టుకున్న జిన్నింగ్ మిల్లుల, కోల్డ్ స్టోరేజీల యజమానులు కొందరు ‘మావి థర్మల్ కెమెరాలు, వాటిలో ముఖాలే తెలియవు, ఎవరు చూస్తే మాత్రం ఏం పోతుంది’ అంటున్నారు. మామూలు కెమెరాలోకి ఎవరైనా చొరబడితే మన గుట్టు పోతుంది. థర్మల్ కెమెరాలోకి చొరబడితే మన అలారం వాళ్ల చేతికి పోతుంది. 60 డిగ్రీలకు మోగవలసిన హెచ్చరికను 200కు మార్చినా, ఇక్కడి వేడిని కొలవమని సెట్టింగుల్లో పత్తి బేళ్ల మీద గీసిన కొలత గడిని చెరిపేసినా తెరమీద బొమ్మ ఎప్పటిలాగే కనబడుతూ ఉంటుంది కాబట్టి, నిప్పు అంటుకునేదాకా ఆ మార్పు ఎవరి కంటా పడదు. పైగా ఈ రోజుల్లో అమ్ముడయ్యే థర్మల్ కెమెరాల్లో చాలావాటికి పక్కనే మామూలు లెన్సు కూడా ఉంటుంది, అందులో ముఖాలు శుభ్రంగానే కనబడతాయి.

కొంప ముంచే తప్పు

పాస్‌వర్డ్ మార్చాలని అందరూ చెబుతారు కనుక ఇక్కడ దాన్ని వివరించడం లేదు. నేను చూసినంతలో నష్టపోయినవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు వేరు. కెమెరాలు బిగించిన టెక్నీషియన్ వెళ్లబోతూ ‘ఫోన్‌లో డైరెక్టుగా కనబడాలంటే స్టాటిక్ ఐపీ తీసుకోండి సార్, పోర్టు ఫార్వర్డ్ చేసి ఇస్తాను’ అంటాడు. యజమాని డబ్బు కట్టి మరీ స్టాటిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో మారని చిరునామా, తీసుకుంటాడు. ఆ సాయంత్రం రూటర్ పేజీలో 80, 554, 8000 అనే మూడు పోర్టులు, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే తలుపులు, కెమెరా వైపు తెరుచుకుంటాయి, ఆ తర్వాత ఆ పేజీని ఎవరూ తెరవరు.

ఆ పోర్టులు తెరిచి ఉంటే గట్టి పాస్‌వర్డ్ కూడా మిమ్మల్ని కాపాడలేదు. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (చొరబడిన పరికరాలను దండుగా నడిపే వైరస్), తయారీ కంపెనీలు పెట్టి పంపే పాస్‌వర్డ్‌ల చిన్న జాబితాతోనే లక్షల కెమెరాలను, రూటర్లను లోబరచుకుంది నిజమే; కానీ 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాల్లో బయటపడిన లోపానికి అసలు పాస్‌వర్డే అవసరం లేదు, కెమెరా వెబ్ పేజీ దాకా చేరగలిగితే చాలు, దాన్ని పూర్తిగా స్వాధీనం చేసుకోవచ్చు. ఆ ప్రభావిత జాబితాలో థర్మల్ మోడళ్లూ ఉన్నాయి. పోర్టు నంబరును 80 నుంచి 8085కు మార్చి నిశ్చింతగా ఉండేవారున్నారు. ఇంటర్నెట్‌లోని చిరునామాలన్నిటినీ రాత్రింబవళ్లు తట్టి చూసే యంత్రాలకు ఆ మార్పు ఏపాటి అడ్డు?

మీ పోర్టు తెరిచి ఉందో లేదో తెలుసుకోవడానికి నిపుణులు అక్కరలేదు. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద బ్రౌజర్‌లో మీ స్టాటిక్ ఐపీని, పోర్టు నంబరు ఉంటే దానితో సహా, టైపు చేయండి. కెమెరా లాగిన్ పేజీ వచ్చిందంటే అది ప్రపంచమంతటికీ వస్తున్నట్టే. దూరం నుంచి చూడక తప్పదనుకుంటే రూటర్‌లోనో, ఆఫీసులోని చిన్న కంప్యూటర్‌లోనో వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (మీ ఫోన్‌కు మాత్రమే తెరుచుకునే రహస్య దారి) పెట్టి, ఫోన్ ముందుగా ఆ వీపీఎన్‌లోకి చేరాకే కెమెరా కనబడేలా చేయాలి. రూటర్‌లో యూపీఎన్‌పీ (UPnP) అనే సెట్టింగును తప్పనిసరిగా ఆపాలి, ఎందుకంటే అది ఆన్‌లో ఉంటే మీరు మూసిన పోర్టును కెమెరా తనంతట తానే మళ్లీ తెరిపించుకోగలదు. మీ ఫైబర్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని అనేకమందికి పంచుతున్నందువల్ల పోర్టు ఫార్వర్డ్ పనిచేయడం లేదని టెక్నీషియన్ విసుక్కుంటే, బయటివాళ్లకూ ఆ దారి లేదని సంతోషించండి.

వేడిని కొలిచే సెట్టింగులు

జనవరిలో పెట్టిన సెట్టింగులు మే నెలలో పనిచేయవు. ప్రహరీ దగ్గర మనిషిని పట్టుకునే కెమెరా, చుట్టూ ఉన్న చల్లదనంలో వెచ్చని శరీరాన్ని గుర్తిస్తుంది. మన చర్మం దాదాపు 34, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది; మన ఎండాకాలపు మధ్యాహ్నం గోడా నేలా అంతకంటే ఎంతో వేడెక్కి, మనిషే చల్లని నల్లటి ఆకారంగా కనబడతాడు. ఆ రెండు స్థితుల మధ్య, పొద్దునా సాయంత్రమూ కొంతసేపు, మనిషి వేడీ వెనుకనున్న గోడ వేడీ ఒకటై ఆకారమే కరిగిపోతుంది. అందుకే ఏప్రిల్‌లో ఒక మనిషిని ప్రహరీ వెంట నడిపించి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగుంకే వేళ ఒకసారి పరీక్షించాలి.

నిప్పు విషయంలో మోసం ఎమిసివిటీ దగ్గర, అంటే వస్తువు తన వేడిని కిరణాలుగా ఎంతమేర వెలువరిస్తుందన్న దగ్గర, జరుగుతుంది. స్టీలు గిన్నెలో మరుగుతున్న నీళ్లు పోసి కెమెరా ముందు పెడితే గిన్నె అంచు 40 డిగ్రీలేనని కెమెరా చెప్పవచ్చు. అదే గిన్నెకు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తే ఆ ముక్క మాత్రం 90కి దగ్గరగా చూపుతుంది. మెరిసే లోహం తన వేడిని దాచి, ఎదురుగా ఉన్నవాటి వేడిని అద్దంలా ప్రతిఫలిస్తుంది. ప్యానెల్ బోర్డులోని బస్‌బార్‌కూ (కరెంటు మోసే లోహపు పట్టీకి) ఇదే వర్తిస్తుంది కాబట్టి, అర్హతగల ఎలక్ట్రీషియన్ చేత సరఫరా పూర్తిగా ఆపించాకే దాని మీద కొలత కోసం టేపు వేయించాలి. బోర్డు తలుపుకు గాజు ఉంటే లోపలిది కెమెరాకు కనబడదు, ఎందుకంటే ఈ కెమెరాలు చూసే 8 నుంచి 14 మైక్రాన్ల కిరణాలను మామూలు గాజు దాటనివ్వదు. దుమ్ము పడుతుందని థర్మల్ కెమెరాను గాజు పెట్టెలో బిగించిన ఘనులనూ చూశాను.

కెమెరా పైపొరను మాత్రమే చూస్తుంది. బేలు గర్భంలో, మిర్చి టిక్కీల వరస లోపల కుంపటిలా రాజుకుంటున్న నిప్పు పైకి వెచ్చదనం తెచ్చేదాకా దానికి తెలియదు కనుక, థర్మల్ కెమెరా ఉందని పొగ డిటెక్టర్లను తీసేయకూడదు.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను.

- రేకుల కప్పును కొలత గడిలో చేర్చకండి. మధ్యాహ్నం అదే అలారం మోగిస్తుంది, నాలుగు రోజుల తర్వాత వాచ్‌మన్ విసిగి సైరన్ వైరు పీకేస్తాడు.
- లోడు లారీ సైలెన్సర్ దాటిపోయే చోట అలారానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి.
- లెన్సును సూర్యుడి వైపు తిప్పకండి, సెన్సర్ మీద మచ్చ పడుతుంది.
- సైరన్‌ను కెమెరా రిలే (అలారం వచ్చినప్పుడు పడే స్విచ్) నుంచి వైరుతోనే కలపండి. ఇంటర్నెట్ ఉంటేనే మోగే అలారం అలారం కాదు.
- కరెంటు పోయినా పనిచేసేలా పీఓఈ స్విచ్‌ను (నెట్‌వర్క్ వైరులోనే కెమెరాకు కరెంటు పంపే పెట్టెను), రూటర్‌ను యూపీఎస్ మీద ఉంచండి.
- కెమెరాలను బిల్లింగ్ కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌లో పెట్టకండి, వేరే వీలాన్‌లో (రూటర్, స్విచ్ సెట్టింగుల్లో విడదీసిన నెట్‌వర్క్‌లో) ఉంచండి.
- కెమెరాలో టెల్‌నెట్ అనే పాత రిమోట్ లాగిన్ సదుపాయాన్ని ఆపండి.
- వాచ్‌మన్‌కు చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న ఖాతా ఇవ్వండి, అడ్మిన్ ఖాతా ఇవ్వకండి.
- ఫర్మ్‌వేర్‌ను (కెమెరాను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) తయారీదారు సైటు నుంచే తీసుకోండి, వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఎక్కించకండి.
- కెమెరా గడియారాన్ని ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ సమయ సర్వర్‌తో కలపండి. సమయం తప్పిన రికార్డు ఫైర్ వాళ్ల దగ్గరా బీమా వాళ్ల దగ్గరా చిక్కు తెస్తుంది.
- చొరబాటు జరిగిందని తెలిస్తే 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్నది 2022 నుంచి సంస్థలకున్న నిబంధన. రీసెట్ బటన్ నొక్కకముందే లాగ్‌లు (ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో చెప్పే రికార్డులు) కాపీ చేయండి.
- అలారం పరిమితులను, గడులను కాగితం మీద రాసి పెట్టుకుని, వారానికొకసారి తెరమీది అంకెలతో పోల్చండి.
- సర్వీసు కుర్రాడు వచ్చి వెళ్లిన ప్రతిసారీ రూటర్‌లోని పోర్టు ఫార్వర్డింగ్ పేజీని మీరే తెరిచి చూడండి. అక్కడ కెమెరా ఐపీ కనబడితే అతను గేటు దాటకముందే వెనక్కి పిలిచి తీయించండి.