ఊపిరితిత్తి ఆపరేషన్‌కు చెన్నై వస్తున్నారా? ఎపిడ్యూరల్ గురించి, గుండె దడ గురించి కొన్ని జాగ్రత్తలు

నెల్లూరు, ఒంగోలు, కడప వైపుల నుంచి ఊపిరితిత్తి ఆపరేషన్ కోసం చెన్నై వచ్చే కుటుంబాలను, మత్తు డాక్టరుగా నేను చాలాసార్లు ఆపరేషన్ ముందురోజు సాయంత్రమే, అదీ పది నిమిషాలే కలుస్తాను. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వీపులో పెట్టే సన్నని గొట్టం) కాగితం మీద సంతకం కూడా ఆ పది నిమిషాల్లోనే అయిపోతుంది. అక్కడ తీరిగ్గా చెప్పలేకపోయేవే ఇక్కడ రాస్తున్నాను.

ఊపిరితిత్తిలో ఒక భాగాన్ని తీసివేసినవారిలో 100కి 10 నుంచి 20 మందికి ఆ తరువాతి రోజుల్లో గుండె లయ తప్పుతుంది. మొత్తం ఊపిరితిత్తినే తీయవలసి వస్తే ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. దీనిలో ముఖ్యమైనది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు క్రమంగా కొట్టుకోకుండా అదురుతూ ఉండటం. ఆపరేషన్ జరిగేది గుండె పక్కనే కావడం, ఆ వాపు గుండె పొర దాకా పాకడం, నొప్పివల్ల అడ్రినలిన్ పెరగడం, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గడం, ఇవన్నీ కలిసి దీన్ని తెచ్చిపెడతాయి. వయసు మళ్ళినవారికి, బీపీ ఉన్నవారికి, ఇంతకుముందే దడ వచ్చినవారికి అవకాశం ఎక్కువ. ఇది ఎక్కువగా బయటపడేది రెండో, మూడో రోజున, అంటే బంధువులు గండం గడిచిందనుకొని తిరుగు రైలుకు టికెట్లు చూసుకునే సమయానికి.

ఎపిడ్యూరల్ అంటే ఇది. రోగిని మంచం అంచున కూర్చోబెట్టి, ఒళ్ళో దిండు పెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా తల వంచి, వీపును విల్లులా వంచమంటాము. భుజాల మధ్య ఎముకకు కొంచెం కింద చర్మాన్ని మొద్దుబరచి, నూడుల్ కంటే సన్నని గొట్టాన్ని వెన్నుపూసల సందులోంచి లోపలికి పంపి, పైన టేపుతో భుజం దాకా అంటిస్తాము. ఒక చిన్న పంపు దాని గుండా తిమ్మిరి మందును రోజుల తరబడి చుక్కచుక్కగా పంపుతూ ఉంటుంది. గుండెను ఉరికించే నరాలు వెన్నుపాము నుంచి బయటికి వచ్చేది కూడా ఛాతీ పై భాగంలోనే కాబట్టి, ఆ మందు నొప్పితోపాటు గుండె ఉరుకును కూడా కొంత అదుపు చేయవచ్చు. అయితే దానివల్ల దడ రాకుండా పోతుందని నేను హామీ ఇవ్వను, ఎందుకంటే ఈ విషయంలో అధ్యయనాల ఫలితాలు ఒకేలా లేవు. ఎపిడ్యూరల్ పెట్టేది నొప్పి లేకుండా దగ్గి, కఫం తీసి, నడవడానికి. గుండెకు జరిగే మేలును అదనంగా దొరికినదానిగానే లెక్కించండి.

ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు మందుల పేర్లు రాసుకొచ్చే బదులు మందుల అట్టలే తీసుకురండి. మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే) మాత్ర ముందునుంచీ వాడుతున్నవారు, వద్దని డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప, ఆపరేషన్ ఉదయం కూడా ఒక గుక్క నీళ్ళతో వేసుకోవాలి. పరగడుపు అన్నారు కదా అని దాన్ని మానేస్తే గుండె ఎదురు తిరుగుతుంది. రక్తం పలచబరిచే మందుల సంగతి దీనికి విరుద్ధం. క్లోపిడోగ్రెల్‌ను 5 నుంచి 7 రోజులు, వార్ఫరిన్‌ను 5 రోజులు, అపిక్సబాన్, రివరాక్సబాన్‌లను దాదాపు 3 రోజులు ముందుగా ఆపితేగాని వెన్నులోకి సూది పెట్టము, లేకపోతే అక్కడ రక్తం గడ్డకట్టి వెన్నుపామును నొక్కే ప్రమాదం ఉంది. కానీ స్టెంటు వేయించుకున్నవారు వీటిని సొంతంగా ఆపకూడదు, గుండె డాక్టరును అడిగి తీరాలి. ఆపడం వీలుకాకపోతే వెన్ను పక్కన, ఛాతీ నరాల దగ్గర ఇచ్చే పారావర్టిబ్రల్ ఇంజెక్షను ఉండనే ఉంది. కెమెరాతో చేసే ఆపరేషన్లకు చాలాచోట్ల ఇప్పుడు ఇటువంటి పద్ధతులకే మొగ్గుతున్నారు.

భాష సంగతిని చిన్నదిగా తీసుకోవద్దు. ఒకసారి కడప జిల్లా నుంచి వచ్చిన పెద్దాయనను నర్సు గంటగంటకూ "వలి ఇరుక్కా?" అని అడిగింది. మాస్కు వెనక ఆక్సిజన్ హోరులో ఆయనకు అది "చలి"గా వినపడి, లేదని తల ఊపాడు. చార్టులో నొప్పి సున్నా అని పడుతూ వచ్చింది. గొట్టం కొంచెం జరిగిపోయి మందు చేరడం లేదని తెలిసేసరికి సాయంత్రమైంది, అప్పటికే గుండె 140కి పోయి లయ తప్పింది. తమిళంలో నొప్పి "వలి", దడ "పడపడప్పు", కాలు మొద్దుబారితే "మరత్తుపోచ్చు". ఈ మూడు మాటలను కాగితం మీద తెలుగు లిపిలో రాసి మంచం దగ్గర అతికించండి. "ఓర్చుకుంటాలే" అనే పెద్దలకు మాత్రం ఇక్కడ ఓర్పు అక్కరలేదని ముందే చెప్పాలి. కదలకుండా పడుకున్నప్పటి నొప్పి కాదు, దగ్గినప్పటి నొప్పి ఎంతో పదికి చెప్పమనండి.

ఎపిడ్యూరల్‌తో బీపీ పడిపోవచ్చు, దురద రావచ్చు, మూత్రం ఆగవచ్చు. బీపీ పడగానే సెలైన్ ఎక్కించమని బంధువులు పట్టుబడతారు. సెలైన్ మీద మనవాళ్ళకున్న నమ్మకం అలాంటిది. కానీ ఊపిరితిత్తి తీసినవారికి నీరు ఎక్కువైతే మిగిలిన ఊపిరితిత్తిలో చేరుతుంది, అందుకే మేము కొలిచి ఇస్తాము. మొదటిసారి మంచం దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోవలసిందే.

గొట్టాన్ని సాధారణంగా మూడో రోజు ప్రాంతంలో తీస్తారు, దడ ఎక్కువగా వచ్చే రోజులూ అవే. అందువల్ల పంపు ఆపడానికి ముందే నొప్పి మాత్రలు మొదలయ్యాయా లేదా అని అడగండి. గొట్టం తీసేది రక్తం గడ్డకట్టకుండా పొట్టమీద ఇచ్చే ఇంజెక్షను తరువాత కనీసం 12 గంటలకు, మళ్ళీ ఆ ఇంజెక్షను ఇచ్చేది తీసిన 4 గంటల తరువాతే. దడ 48 గంటలు దాటితే రక్తం పలచబరిచే మందు అవసరం పడవచ్చు. గొట్టం ఇంకా వెన్నులోనే ఉంటే ఆ నిర్ణయం చిక్కుముడి అవుతుంది కాబట్టి, గుండె డాక్టరూ మత్తు డాక్టరూ కలిసి మాట్లాడారో లేదో కనుక్కోండి. చాలామందికి కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో లయ మళ్ళీ కుదురుకుంటుంది.

గొట్టం ఉండగాగానీ తీసిన తరువాతగానీ కాళ్ళలో కొత్తగా బలం తగ్గినా, వీపులో పోటు మొదలైనా, మలమూత్రాల మీద పట్టు తప్పినా తెల్లవారేదాకా ఆగకండి. రక్తపుగడ్డ అయితే గంటల్లోనే ఎంఆర్ఐ తీసి ఆపరేషన్ చేయాలి, 8 గంటలు దాటేకొద్దీ కాళ్ళలో బలం తిరిగివచ్చే ఆశ సన్నగిల్లుతుంది. ఇంటికి చేరిన తరువాత వీపునొప్పితో జ్వరం వచ్చినా అంతే, వెన్నులో చీము పట్టడం వారాల తరువాత కూడా బయటపడుతుంది. రోజూ ఒకసారి మణికట్టు దగ్గర నిమిషంపాటు నాడి చూడండి. కూర్చుని ఉండగానే 110 దాటినా, అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నా మీ ఊళ్ళోనే ఈసీజీ తీయించి, డిశ్చార్జ్ అయినప్పటి ఈసీజీని పక్కన పెట్టి చూపించండి. ఆ పాత ఈసీజీ ఫొటోను ఆసుపత్రి నుంచి బయలుదేరకముందే ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచుకోవాలి.