మాజోన్‌కి విరాళం ఇవ్వాలన్నా, గ్రాంట్ అడగాలన్నా ఎలా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి అప్పుడప్పుడూ ఆఫీసులోని యూదు కొలీగ్ ఇంటి నుంచి బార్ మిట్స్వా పిలుపు వస్తుంటుంది. పిల్లాడికి పదమూడేళ్లు నిండినప్పుడు చేసే వేడుక అది. కొన్ని కార్డుల అడుగున "బహుమతులు వద్దు, మాజోన్‌కి విరాళం ఇస్తే సంతోషం" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎవరీ మాజోన్? ఎంత ఇవ్వాలి? అసలు మనం ఇవ్వొచ్చా?

నిక్షేపంలా ఇవ్వొచ్చు. మాజోన్ అంటే హీబ్రూలో ఆహారం. సంస్థ పూర్తి పేరు ‘మాజోన్: ఎ జూయిష్ రెస్పాన్స్ టు హంగర్’. రచయిత, పత్రికా సంపాదకుడు లెనార్డ్ ఫైన్ 1985లో మొదలుపెట్టాడు. ప్రధాన కార్యాలయం లాస్ ఏంజెలిస్‌లో ఉంది. పెళ్లికో బార్ మిట్స్వాకో పెట్టే ఖర్చులో నూటికి 3 వంతులు ఆకలితో ఉన్నవాళ్ల కోసం తీసిపెట్టాలన్నది ఆయన ఆలోచన. దాని వెనక చాలా పాత ఆచారం ఉంది. పొలం కోసేటప్పుడు అంచులు కోయొద్దు, రాలిన వెన్నులు ఏరుకోవద్దు, అవి పేదలకీ పరదేశులకీ వదిలేయండి అని బైబిల్‌లోని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. కోతలయ్యాక మన చేలల్లో పరిగె ఏరుకునేవాళ్లని చూసినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇజ్రాయెల్ జాతీయ ఫుడ్ బ్యాంక్ పేరే ‘లెకెట్’, అంటే పరిగె. అన్నట్టు, మాజోన్ సాయం యూదులకి మాత్రమే కాదు, మతం చూడరు.

డబ్బు ఎటు పోతుందో ముందు తెలుసుకోండి

మాజోన్ బియ్యం బస్తాలు పంచే సంస్థ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆకలికి కారణమయ్యే చట్టాలనీ రూల్సునీ మార్పించడం దాని అసలు పని.

ఒక ఉదాహరణ చూడండి. అమెరికా సైన్యంలో కింది ర్యాంకు సైనికుడికి జీతంతోపాటు ఇంటద్దె భత్యం వస్తుంది. ఇల్లు గడవక ఆ కుటుంబం తిండి ఖర్చుకి ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపులకి, అంటే స్నాప్‌కి అప్లై చేస్తే, ఆ భత్యాన్ని కూడా ఆదాయం కింద లెక్కేస్తారు. భత్యమేమో అద్దెకే సరిపోతుంది. కాగితం మీద మాత్రం ఆదాయం ఎక్కువగా కనిపించి అర్హత పోతుంది. ఇలాంటి కుటుంబాల తరఫున మాజోన్ ఏళ్ల తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగింది. 2021 డిసెంబరులో వచ్చిన రక్షణ చట్టంలో, ఆదాయం చాలని సైనిక కుటుంబాలకిచ్చే ‘బేసిక్ నీడ్స్ అలవెన్స్’ అనే భత్యం చేరింది, 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులోనూ ఇంటద్దె భత్యం పేచీ పూర్తిగా తీరలేదు. ఈ పని ఇలాగే నడుస్తుంది, నత్తనడక.

మీరిచ్చే 50 డాలర్లు ఈ సాయంత్రమే ఎవరో ఒకరి కంచంలోకి చేరాలనుకుంటే మీ ఊరి ఫుడ్ బ్యాంక్‌కి ఇవ్వండి. నా మటుకు నేనైతే రెండు చోట్లా కొంత కొంత ఇవ్వమంటాను.

ఎంత, ఎలా ఇవ్వాలి?

వేడుక మీదే అయితే లెక్క సులువు. అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి హాలు, క్యాటరింగ్, డెకరేషన్ అన్నీ కలిపి 20,000 డాలర్లు అయిందనుకోండి, 3 శాతం అంటే 600. క్యాటరర్‌కి అడ్వాన్స్ కట్టిన రోజే ఇది కూడా కట్టేయండి. ఫంక్షన్ అయ్యాక బిల్లులు చూస్తే చెయ్యి రాదు.

అతిథిగా వెళ్తుంటే 18 గుణిజాల్లో ఇవ్వడం యూదుల ఆనవాయితీ. ‘ఖై’ అంటే హీబ్రూలో బతికున్నది అని. ఆ మాటలోని రెండు అక్షరాల విలువ కలిపితే 18 అవుతుంది. అందుకే 36, 54, 180 డాలర్లు ఇస్తుంటారు. నూటపదహార్లు చదివించే మనకి ఇదేం వింత కాదు. మీరు 116 ఇచ్చినా తప్పు పట్టేవారు లేరు.

వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కకుండా సంస్థ సైట్ అడ్రస్ మీరే టైప్ చేయండి. ఏ సంస్థ మీద అనుమానం వచ్చినా అమెరికా ఆదాయపన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లో పన్ను మినహాయింపు ఉన్న సంస్థల జాబితా వెతికి చూసుకోవచ్చు. ఫారంలో ఎవరి గౌరవార్థం ఇస్తున్నారో రాసే చోట పిల్లాడి పేరు స్పెల్లింగ్ ఆహ్వాన పత్రికలో ఉన్నట్టే రాయండి.

మీ కంపెనీ మ్యాచింగ్ ఇస్తుందేమో తప్పక చూడండి. మీరు 100 ఇస్తే కంపెనీ ఇంకో 100 వేసే సదుపాయం అది. మనవాళ్లు చాలామంది వాడుకోకుండా వదిలేస్తారు. కొన్ని కంపెనీలు మత సంస్థలకి మ్యాచ్ చేయవు. పేరులో యూదు అని ఉన్నా పని ఆకలి మీద కాబట్టి హెచ్‌ఆర్‌ని ఒకసారి అడగండి.

విరాళం 250 డాలర్లు, ఆపైన అయితే పన్ను మినహాయింపుకి సంస్థ ఇచ్చిన రాతపూర్వక రసీదు ఉండి తీరాలి. దానికి బదులుగా వస్తువులూ సేవలూ ఏమీ ఇవ్వలేదన్న వాక్యం అందులో ఉందో లేదో చూసుకోండి. ఏడాది దాటిన షేర్లు బాగా పెరిగి ఉంటే అమ్మకుండా వాటినే ఇచ్చేయడం లాభం, క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. ఇండియాలో రిటర్న్ వేసేవారికి మాత్రం ఈ విరాళం మీద 80జీ పన్ను మినహాయింపు వర్తించదు.

గ్రాంట్ అడిగేవారికి

గ్రాంట్లు సంస్థలకే, వ్యక్తులకి కాదు. అమెరికాలో మీకే తిండికి ఇబ్బందిగా ఉంటే 211కి ఫోన్ చేయండి, దగ్గర్లో ఏ సాయం దొరుకుతుందో చెబుతారు. విద్యార్థులైతే చాలా యూనివర్సిటీల్లో ఫుడ్ ప్యాంట్రీ ఉంటుంది, మొహమాటపడకండి.

సంస్థకి 501సి3 గుర్తింపు, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థగా ఐఆర్‌ఎస్ గుర్తింపు ఉందా అన్నది ఏ ఫౌండేషన్ అయినా మొదట చూస్తుంది. లేకపోతే ఆ గుర్తింపున్న మరో సంస్థ మీ తరఫున డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోవాలి. ఐఆర్‌ఎస్ ఇచ్చిన గుర్తింపు లేఖ, ఏటా ఐఆర్‌ఎస్‌కి లెక్కలు చూపే ఫారం 990 తాజా కాపీ, బోర్డు సభ్యుల జాబితా, ఈ ఏటి బడ్జెట్ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. తర్వాత మాజోన్ సైట్‌లో గ్రాంట్ల పేజీ చదివి, మీ పనికి సరిపోయే అవకాశం ఉంటేనే ముందుకెళ్లండి.

అసలు కష్టం ఉత్తరం రాయడంలో ఉంది. "పోయినేడు ఇన్ని వేల భోజనాలు పంచాం" అని మొదలుపెడితే ఇక్కడ పని జరగదు. "మా కౌంటీలో స్నాప్ ఇంటర్వ్యూలు పగటిపూటే పెడుతున్నారు, రోజుకూలీలు వెళ్లలేక అర్హత ఉండీ పోగొట్టుకుంటున్నారు, ఆ వేళలు మార్పించడానికి ఈ ఏడాది ఫలానా అధికారులని కలుస్తాం" అన్నట్టు ఉండాలి. ఏ రూలు అడ్డు, ఎవరు మార్చగలరు, మీరేం చేస్తారు అన్నవి మొదటి పేజీలోనే తేలిపోవాలి. ఆకలి అనుభవించినవాళ్లు మీ బోర్డులోనో సిబ్బందిలోనో ఉంటే ఆ మాట దాచకండి.

లాబీయింగ్, అంటే ఫలానా చట్టం చేయమనో మార్చమనో చట్టసభల వాళ్లని ఒప్పించడం, అనగానే చాలా బోర్డులకి టెన్షన్. 501సి3 సంస్థలు పార్టీలకీ అభ్యర్థులకీ ప్రచారం చేయకూడదు గానీ, చట్టాల గురించి పరిమితంగా లాబీయింగ్ చేయొచ్చు. లాబీయింగ్ పరిమితిని ఖర్చు లెక్కన చూడమని ఐఆర్‌ఎస్‌కి చెప్పే ఫారం 5768 దాఖలు చేసిన చిన్న సంస్థలకి సేవా ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్ల మీద 20 శాతం దాకా అనుమతి. అంటే ఏటా 3 లక్షలు ఖర్చుపెట్టే సంస్థ 60,000 దాకా లాబీయింగ్‌కి వాడుకోవచ్చు. అప్లికేషన్‌కి ముందే మీ అకౌంటెంట్‌తో ఈ ఫారం సంగతి మాట్లాడండి.

ఆంధ్ర, తెలంగాణల్లోని స్వచ్ఛంద సంస్థలు మాత్రం ఈ అప్లికేషన్ మీద టైం పెట్టుకోవద్దు. మాజోన్ పని అమెరికా, ఇజ్రాయెల్‌లలోనే. వేరే ఏ విదేశీ సంస్థ నుంచి డబ్బు తీసుకోవాలన్నా ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి.