ఆషాఢం గోరింటాకు నుంచి దీపావళి నలుగు దాకా: ఇంట్లో చేసుకునేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చిందంటే ఇంట్లో ఏ పొడికైనా చెమ్మ పట్టడం మొదలవుతుంది. ఆ వెనకే ఆషాఢం గోరింటాకు, శ్రావణమాసం పసుపు, దీపావళి తలంటు వరసగా వస్తాయి. కాబట్టి సున్నిపిండి సరుకులు ఎండలు కాసేటప్పుడే చూసుకోవాలి. సబ్బులూ క్రీములూ కూడా ఇంట్లోనే చేద్దామనుకునేవాళ్లు ఇంకాస్త ముందుగా ఆలోచించుకోవాలి.

మన పెద్దవాళ్ల పద్ధతిలోనే ఒక గట్టి రక్షణ ఉంది. పొడిని పొడిగానే దాచేవారు. స్నానానికి ముందు గిన్నెలో కలుపుకుని, ఒంటికి రుద్దుకుని, కడిగేసుకునేవారు. తడిపింది ఏదీ మర్నాటికి మిగిలేది కాదు. ఇప్పుడు వీడియోలు చూసి చేసే క్రీములు, జెల్‌లు, సీరమ్‌లు వారాల తరబడి సీసాలో తడిగా ఉంటున్నాయి, రాత్రంతా ముఖం మీద ఉంటున్నాయి. సరుకులు పాతవే, వాడే తీరు మారింది. చాలా ఇబ్బందులు అక్కడే మొదలవుతున్నాయి.

సున్నిపిండి

పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, వట్టివేళ్లు, తుంగముస్తెలు, కస్తూరి పసుపు, గులాబీ రేకులు, నారింజ తొక్కలు. వీటిలో ఒక్కోటి ఒక్కో తీరుగా ఎండుతుంది. పెసలు తొందరగానే ఎండుతాయి. నారింజ తొక్క లోపలి తెల్లపొరలో, గులాబీ రేకు మొదట్లో మాత్రం తేమ దాగి ఉంటుంది. తొక్కను వంచితే పటుక్కున విరగాలి. రేకును వేళ్ల మధ్య నలిపితే పొడి రాలాలి. అలా కాకపోతే ఇంకో రోజు ఎండనివ్వండి. సరిగా ఎండని గుప్పెడు తొక్కలు డబ్బా మొత్తాన్ని పాడుచేస్తాయి. బూజు వాసన వచ్చిన పిండిని మళ్లీ ఎండలో పెట్టి వాడకండి. ఎండకు తేమ పోతుంది కానీ బూజు వదిలిన విషాలు పోవు.

మరకు తీసుకెళ్తే, అంతకుముందు ఏం పట్టారో అడగండి. మిరపకాయలు ఆడిన మరలో వెంటనే సున్నిపిండి పోయిస్తే ఆ ఘాటు మీ పిండిలోకి వస్తుంది. చూస్తే కనిపించదు, పసిబిడ్డ ఒంటికి రుద్దినప్పుడు ఏడుపు బట్టి తెలుస్తుంది. పొద్దున్నే మొదటి వాయి మీది వేయమని అడగండి. కుదరకపోతే గుప్పెడు బియ్యం ముందు ఆడించి, ఆ పిండి పారేసి, తర్వాత మీ సరుకు పోయించండి. ఇంటికొచ్చాక పల్చటి బట్టలో జల్లించాలి. తుంగముస్తెల పీచు, వట్టివేళ్ల నార మామూలు జల్లెడలోంచి దిగిపోయి ముఖం మీద సన్నగా గీరుకుంటాయి.

పిండి డబ్బాను స్నానాల గదిలో పెట్టకండి. ఆ రోజుకు కావలసినంతే పొడి చెంచాతో గిన్నెలోకి తీసుకెళ్లండి.

బావంచాల (బాకుచి గింజల) గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. చాలా ఇళ్లలో నలుగు పిండిలో ఇవి అలవాటుగా పడతాయి. పచారీ కొట్లో సున్నిపిండి సామాను అని అడిగితే పొట్లంలో ఇవీ కలిపి ఇస్తారు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మం మీద ఉన్నప్పుడు ఎండ తగిలితే, మామూలుగా ఏమీ చేయని ఎండ కూడా కాలిన గాయంలా ఎర్రబరుస్తుంది, బొబ్బలు లేపుతుంది. మానాక నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు. బొల్లి మచ్చలకు ఆయుర్వేదంలో బావంచాలు వాడేది, చర్మ వైద్యులు సోరాలెన్ ఇచ్చి అతినీలలోహిత కాంతి పెట్టేది ఈ గుణం కోసమే. మందుగా అయితే మోతాదు, సమయం వైద్యుడు లెక్క చూస్తాడు. నలుగు పిండిలో ఆ లెక్క ఎవరు చూస్తారు? పసిపిల్లలకు, పొలానికి వెళ్లేవాళ్లకు, బండి మీద తిరిగేవాళ్లకు చేసే పిండిలో బావంచాలు వేయకండి. పిండి గుణమేమీ తగ్గదు.

నిమ్మరసంతోనూ ఇదే చిక్కు. నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఎండతో కలిసి చర్మాన్ని కాల్చే ఇలాంటి పదార్థాలే ఉంటాయి. పైగా నిమ్మరసం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 2 దరిదాపుల్లో ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. వంటసోడా దీనికి ఎదురు, 8 పైన. రెండూ ముఖానికి పనికిరావు.

పసుపు కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకండి. గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా వదిలేయండి. మంచి పసుపు అడుగుకు చేరుతుంది, నీళ్లు లేత పసుపు రంగులో ఉంటాయి. రంగు కలిపినదైతే నీళ్లు చిక్కగా మారతాయి. కొమ్ములనూ ఇలాగే నీళ్లలో వేసి చూడండి. సీసం ఉండే లెడ్ క్రోమేట్ పూసిన కొమ్ములు వెంటనే రంగు వదులుతాయి.

తడి ఉన్నదేదైనా

కలబంద మట్టను కోయగానే వచ్చే పసుపుపచ్చ జిగురు దురద పుట్టిస్తుంది. మట్టను పావుగంట నిలబెట్టి ఆ జిగురు కారిపోనిచ్చి, కడిగి, అప్పుడు గుజ్జు తీయండి. తీసింది ఆ పూటకే వాడుకోవడం మేలు. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి ఉంచకండి.

నీళ్లు, రోజ్ వాటర్, కలబంద, పాలు, గంజి, వీటిలో ఏది చేరినా సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాసన, రంగు మారకముందే లక్షల్లో ఉండొచ్చు. విటమిన్ ఇ క్యాప్సూల్ వేస్తే నిల్వ ఉంటుందని చెప్పేవాళ్లను నమ్మకండి. అది నూనె కంపు కొట్టకుండా ఆపుతుంది, బ్యాక్టీరియాను ఆపదు. ప్రిజర్వేటివ్‌ను (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థాన్ని) శాతం లెక్కన తూచి వేయడం రానప్పుడు నీళ్లు లేనివే చేసుకోండి. కొబ్బరి నూనె, తేనెమైనం, కోకం వెన్నతో చేసిన లేపనాలు తడి వేలు పెట్టకపోతే బాగుంటాయి. అందులో టీ ట్రీ, నిమ్మగడ్డి లాంటి సుగంధ తైలాలు వేస్తే ముఖానికి నూటికి ఒక వంతు దాటకూడదు. అంటే 100 మిల్లీలీటర్లకు 1 మిల్లీలీటరు, సుమారు 20 చుక్కలు.

ఎండ నుంచి కాపాడే క్రీమ్ ఇంట్లో చేయొద్దు. అది పనిచేస్తోందో లేదో చర్మం కాలేదాకా తెలియదు.

సబ్బు

నిజమైన ప్రమాదం ఇక్కడే ఉంది. నూనె సబ్బుగా మారాలంటే కాస్టిక్ సోడా కావాలి. అది చర్మాన్ని, కంటిని కాల్చేస్తుంది.

ప్రతి నూనెకూ ఈ కాస్టిక్ సోడా లెక్క వేరు. 500 గ్రాముల కొబ్బరి నూనెకు, కాస్త నూనె మిగిలేలా 5 శాతం తగ్గిస్తే, సుమారు 87 గ్రాములు పడుతుంది. నువ్వుల నూనె అయితే 65 చాలు. ఇంట్లో కొబ్బరి నూనె లేదని అదే కొలతలో నువ్వుల నూనె పోస్తే, ఎక్కువైన సోడా సబ్బులోనే ఉండిపోయి ఒంటిని కాలుస్తుంది. గ్రాము దాకా చూపే త్రాసు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. పైపులు శుభ్రం చేసే పొడిని ఇందుకు వాడొద్దు, వాటిలో వేరేవి కూడా కలుపుతారు.

నీళ్లలోకి సోడా కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. వేస్తున్నకొద్దీ నీళ్లు మరుగు దగ్గరికి వేడెక్కుతాయి, గాజు గిన్నె పగలొచ్చు. సత్తు గిన్నె అసలే వద్దు. అల్యూమినియంతో సోడా కలిస్తే మండే వాయువు పుడుతుంది. స్టీలు గిన్నె తీసుకుని, కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు, పొడవు చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి చేయండి. చల్లారిన సోడా నీళ్లు చూడటానికి మంచినీళ్లలాగే ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో ఆ గిన్నెను వదిలి ఒక్క నిమిషం కూడా పక్కకు వెళ్లకండి, నీళ్ల సీసాలో పోసి దాచకండి.

ఒంటి మీద పడితే తడిసిన బట్టలు తీసేసి, పంపు కింద కనీసం 20 నిమిషాలు కడగండి. నిమ్మరసం, వెనిగర్ పోయొద్దు. కంట్లో పడితే రెప్పలు తెరిచిపట్టి కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరే ఏర్పాటు చేసుకోండి. మింగితే వాంతి చేయించకూడదు, వెంటనే తీసుకెళ్లాలి. పోసిన సబ్బును కనీసం నాలుగు వారాలు ఆరనివ్వాలి.

గోరింటాకు, కాటుక

రుబ్బిన ఆకు ముందు నారింజ రంగు ఇచ్చి, మర్నాటికి ముదురుతుంది. పది నిమిషాల్లో నల్లగా పండే కోన్‌లో పీపీడీ అనే తలరంగు రసాయనం ఉండే అవకాశం ఎక్కువ. దానికి ఒకసారి అలర్జీ వస్తే తర్వాత జీవితమంతా తలకు రంగు వేసుకోవడం కష్టమవుతుంది. ఏడాది లోపు పసివాళ్లకు మాత్రం స్వచ్ఛమైన గోరింటాకైనా పెట్టకండి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న బిడ్డల్లో అది ఎర్ర రక్తకణాలను విరిచేసి ప్రాణం మీదికి తేవొచ్చు. ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో తెలియదు.

ఆముదం దీపం మీద పట్టిన కాటుకైనా సరే, పసిబిడ్డ కంటి లోపల పెట్టొద్దు. మసి రేణువులు, వేలి మురికి కంటికి చేటు చేస్తాయి. అమ్మమ్మ దిష్టి అంటే అరికాలికో, చెవి వెనకో చుక్క పెట్టి ఊరుకోండి.

ఎగ్జిమా (చర్మం పొడిబారి, పగిలి దురదపెట్టే జబ్బు) ఉన్న పసిపిల్లలకు శనగపిండి, బాదం, వేరుశనగ నూనె రుద్దేముందు వైద్యుణ్ని అడగండి. పగిలిన చర్మం ద్వారా కూడా తిండికి అలర్జీ పుట్టొచ్చు. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడినవాళ్లలో రెండు వేల మందికి పైగా గోధుమ తింటే ఒళ్లు పొంగే స్థితికి వచ్చారు.

వాడే ముందు

ఏది చేసినా మోచేయి లోపలి వైపు కొద్దిగా, రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడండి. కడిగేసేదైతే మామూలుగా ఎంతసేపు ఉంచుతారో అంతసేపే ఉంచి కడగండి. అలర్జీ తరచూ రెండు మూడు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది, అందుకే ఒక్కరోజు పరీక్ష సరిపోదు. డబ్బా మీద తేదీ, వేసిన వస్తువుల పేర్లు రాసి అంటించండి. చుట్టాలకు ఇచ్చేటప్పుడు ఇది మరీ ముఖ్యం. అమ్మాలనుకుంటే 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు తీసుకోవాలి.

దురద, బొబ్బలు, కళ్ల చుట్టూ వాపు కనిపిస్తే వెంటనే కడిగేసి వాడటం ఆపండి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు ఉబ్బినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆ డబ్బాను కూడా వెంట తీసుకెళ్లండి, మీద రాసిన పేర్లు చూస్తే దేనివల్ల వచ్చిందో పట్టుకోవడం వైద్యుడికి తేలికవుతుంది.