కొండ దిగడానికి కాళ్లను సిద్ధం చేసుకోండి

తిరుపతిలో ఫిజియోథెరపీ చేసే నాకు తరచూ వినిపించే మాట ఇది: "ఎక్కేటప్పుడు ఏం కాలేదు మేడమ్, నడిచి దిగాక రెండో రోజు మంచం మీంచి లేవలేకపోయాను." అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. అందరూ ఎక్కడానికే ప్రాక్టీస్ చేస్తారు. చేయాల్సింది దిగడానికి.

మటన్ కోసేటప్పుడు ముక్క మీద పలచని తెల్లటి పొర కనిపిస్తుంది కదా, మన కండరాల్లోనూ అదే ఉంటుంది. సంయోజక కణజాలం అంటారు. కండరం మొత్తానికి ఒక పొర, లోపలి పోగుల కట్టలకు ఒకటి, ఒక్కో పోగు చుట్టూ మరొకటి. చాలా పోగులు కండరం మధ్యలోనే ఆగిపోతాయి. వాటి బలం పక్కనున్న పొరల గుండానే స్నాయువుకు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు లాంటిది), అక్కణ్ణుంచి ఎముకకు చేరుతుంది. కాబట్టి పొర కూడా బరువు మోస్తుంది. అందులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ దారాలు మామూలుగా వంకీలు తిరిగి ఉంటాయి. కాస్త లాగితే నిటారవుతాయి, ఇంకా లాగితే బిగుసుకుపోతాయి.

మెట్టు దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేకపోతే పోగులు, పొరలు సన్నగా దెబ్బతిని వాస్తాయి. నొప్పి తెలిసే నరాల కొసలు ఈ పొరల్లో చాలా ఉన్నాయి. రెండో రోజు నొప్పికి, కష్టపడ్డ కండరంలో పుట్టే లాక్టిక్ యాసిడ్ కారణమనడం తప్పు. అది కొద్ది గంటల్లోనే పోతుంది.

నెల ముందు మొదలుపెట్టండి. ఇంటి మెట్లు చాలు. ఎక్కడం మామూలుగానే, దిగడం మాత్రం ఒక్కో మెట్టుకు మూడు అంకెలు లెక్కపెడుతూ. మొదటిరోజు రెండు అంతస్తులు మించొద్దు. రోజు విడిచి రోజు చేయండి, కొల్లాజెన్ పేరుకోవడానికి వ్యవధి కావాలి. స్నాయువు కండరం కంటే నిదానంగా గట్టిపడుతుంది, అందుకే ఆఖరి వారంలో తొందరపడితే లాభం లేదు. పిక్కలకైతే గోడ పట్టుకుని, మెట్టు అంచున ముంగాళ్ల మీద నిలబడి, మడమలు మెల్లగా కిందికి దించండి. ఇలా ఒకసారి అలవాటుపడ్డ కాళ్లు కొన్ని వారాల దాకా అంతగా నొప్పి పెట్టవు.

కొండ మీద చిన్న అడుగులు వేయండి, మోకాలు కొద్దిగా వంచి ఉంచండి, దూకొద్దు. మోకాళ్లు అరిగినవాళ్లు నడిచి ఎక్కినా బస్సులోనే దిగండి. మర్నాడు పడుకోకుండా కాస్త నడవాలి, గట్టిగా పిసికించుకోకూడదు. మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, ఒక్క పిక్కే వాచి వేడిగా ఉన్నా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.