క్రూయిజ్ మధ్యలో ఒక్కరోజు రోమ్: షిప్పు దిగే ముందే చూసుకోవాల్సినవి

పిల్లలు అమెరికాలోనో యూరప్‌లోనో ఉండి, ఈసారి అమ్మానాన్నలతో కలిసి మధ్యధరా సముద్రంలో క్రూయిజ్‌కి వెళ్దామని టికెట్లు తీయడం మన బెజవాడ, గుంటూరు ఇళ్లలో ఇప్పుడు తరచూ వింటున్నాం. ఆ షెడ్యూల్‌లో ఒకరోజు ఎదురుగా 'రోమ్' అని ఉంటుంది. నిజానికి షిప్పు ఆగేది రోమ్‌లో కాదు, చివిటావెక్యా అనే రేవులో. అక్కడి నుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. బందరులో దిగి, బెజవాడ వచ్చి అమ్మవారి దర్శనం చేసుకుని, సాయంత్రంలోగా మళ్లీ బందరు చేరడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంచుమించు అంత పని, అదీ భాష రాని ఊళ్లో.

అందుకే ముందు టైం లెక్క తేల్చుకోండి. షిప్పు సాయంత్రం 7కి బయల్దేరుతుందని రాసి ఉన్నా, 'ఆల్ అబోర్డ్' అని, అంటే అందరూ షిప్పు ఎక్కేసి ఉండాల్సిన వేరే టైం ఇస్తారు. మామూలుగా అది అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. మీరు పట్టించుకోవాల్సింది ఆ టైమే. పొద్దున 7కి షిప్పు రేవులో ఆగినా, జనంతో పాటు దిగి, రేవు బస్సు పట్టుకుని, స్టేషన్ చేరి, రైలెక్కి రోమ్‌లో కాలు పెట్టేసరికి 10 దగ్గర పడుతుంది. రైలు ప్రయాణమే గంటా గంటంబావు. తిరుగు ప్రయాణానికి మూడున్నరకల్లా రైల్లో కూర్చోవాలి. అంటే రోమ్‌లో చేతికి దక్కేది ఐదారు గంటలు. ఇంకో సంగతి, షిప్పు గడియారం, ఊరి గడియారం ఒక్కోసారి గంట తేడాగా ఉండొచ్చు. దిగేటప్పుడు సిబ్బందిని అడిగి, ఆల్ అబోర్డ్ టైం ఒక చీటీ మీద రాసి అందరి జేబులో పెట్టండి.

ఐదు గంటల్లో ఒకే వైపున్న రెండు చోట్లు చూస్తే చాలు. కొలోసియం, వాటికన్ మ్యూజియం, ట్రెవీ ఫౌంటెన్, పాంథియన్ అన్నీ ఒకేరోజు అంటే పెద్దవాళ్లకు మోకాళ్లు, పిల్లలకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. వాటికన్ వైపు చూడాలనుకుంటే సాన్ పియెత్రో స్టేషన్‌లో దిగిపోండి. అక్కడి నుంచి సెయింట్ పీటర్స్ చర్చికి పావుగంట నడక. కొలోసియం అయితే రోమ్ పెద్ద స్టేషన్ టెర్మినీ దాకా వెళ్లి మెట్రో బి లైన్‌లో రెండు స్టాపులు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ రెండు వైపుల్లో ఒకటే ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను.

ఏ వారమో కూడా చూసుకోండి. వాటికన్ మ్యూజియంకి ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం ఉచితంగా తెరుస్తారు కానీ ఆ క్యూలో నిలబడితే మీ రోజు అక్కడే అయిపోతుంది. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉంటే చర్చి చుట్టూ జనమే జనం. మగవాళ్లైనా ఆడవాళ్లైనా భుజాలు, మోకాళ్లు కప్పుకుంటేనే లోపలికి రానిస్తారు. చీర, చుడీదార్‌తో ఇబ్బంది లేదు. షార్ట్స్ వేసుకునే కుర్రాళ్లకి ముందే చెప్పండి.

కొలోసియం టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు. ఆధార్ కాదు, పాస్‌పోర్టు చూపించాలి. మనవాళ్లు ఇంటిపేరుకి ఒక అక్షరం పెట్టి సరిపెట్టేస్తుంటారు. అలా వద్దు. టికెట్ బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఏది ఎక్కడ ఉందో చూసి అచ్చంగా అలాగే కొట్టండి.

రైలు విషయంలో ఒక చిన్న పని మర్చిపోతే జరిమానా పడుతుంది. కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు స్టేషన్‌లో ఉండే చిన్న మిషన్‌లో దూర్చాలి, తేదీ, టైం అచ్చు పడతాయి. అచ్చు పడిందో లేదో తిప్పి చూడండి. మసకగా ఉంటే మళ్లీ పెట్టండి. అక్కడ రైల్వే సమ్మెలు కూడా మామూలే, ముందుగానే ప్రకటిస్తారు. మామూలు పనిదినాల్లో సమ్మె ఉంటే గ్యారంటీగా నడిచే లోకల్ రైళ్లు పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మాత్రమే. ఆ సాయంత్రం రైళ్లు మీకు అక్కరకు రావు. సమ్మె ఉందని తెలిస్తే షిప్పువాళ్ల టూర్ బస్సే తీసుకోండి. డబ్బు ఎక్కువే అయినా, వాళ్ల బస్సు ఆలస్యమైతే ఆ బాధ్యత వాళ్లదే. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం షిప్పు ఆగదు.

బంగారం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. నానుతాడు, నల్లపూసలు, గాజులు అన్నీ షిప్పులోని లాకర్‌లో పెట్టేసి దిగండి. టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు, మెట్రో రైళ్లు జేబుదొంగలకు పేరుమోసినవి. తలుపు మూసుకునే క్షణంలో వెనక నుంచి తోసుకుంటూ ఎక్కి, మీ చూపు ఒకవైపు మళ్లించి ఇంకోవైపు నుంచి పర్సు లాగేస్తారు. హ్యాండ్‌బ్యాగు ముందుకు వేసుకుని జిప్పు మీద చెయ్యి ఉంచండి. గులాబీ పువ్వో, చేతికి దారమో 'ఫ్రీ' అని ఇస్తే పట్టుకోవద్దు, తర్వాత డబ్బులడుగుతారు.

జూలై, ఆగస్టు అయితే ఎండని తక్కువ అంచనా వేయకండి. రోళ్లు పగిలే రోహిణి కార్తె చూసినవాళ్లం, 35 డిగ్రీలు మనకో లెక్కా అనుకుంటాం. కానీ ఇక్కడ ఆ ఎండలో మనం నాలుగు గంటలు నడవం. అక్కడ నడవాలి, అదీ ఎగుడుదిగుడు నల్లరాళ్ల మీద. గట్టి అడుగున్న బూట్లు, టోపీ తప్పనిసరి. ఖాళీ సీసా ఉంటే చాలు, వీధుల్లో రెండు వేలకు పైగా ఇనుప కుళాయిలు ఎప్పుడూ పారుతూ ఉంటాయి, ఆ నీళ్లు తాగొచ్చు.

శాకాహారులు మార్గెరీటా పిజ్జానో, కాస్త కారంగా ఉండే అరబ్బియాతా పాస్తానో అడగొచ్చు. కార్బొనారా, అమాత్రిచానా అనే పాస్తాల్లో పంది మాంసం ఉంటుంది. పార్మెజాన్ చీజ్ తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు కాబట్టి, నిష్ఠగా ఉండేవాళ్లు అది వేయొద్దని చెప్పాలి.

వీసా సంగతి ఇంట్లో ఉండగానే చూసుకోండి. దారిలో టర్కీ, మాంటెనీగ్రో లాంటి షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేని దేశం ఉంటే మళ్లీ ఇటలీలో దిగడానికి మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకసారి కంటే ఎక్కువసార్లు రానిచ్చే వీసా కావాలి.

బీపీ, షుగర్ మందులు ఆ పూటకే కాకుండా రెండు రోజులకు సరిపడా వెంట ఉంచుకోండి. ఒకవేళ షిప్పు తప్పిపోతే అవే ముందు కావాలి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంటే ఒరిజినల్ తీసుకెళ్లండి, షిప్పువాళ్లు తీసుకుని ఉంటే వీసా పేజీతో సహా కలర్ కాపీ. షిప్పులో రోజూ ఇచ్చే కాగితం మీద పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో షిప్పు కంపెనీ తరఫు మనిషి) ఫోన్ నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకోండి. ఆలస్యమవుతోందని అనిపించగానే, రైల్లో ఉండగానే ఆ నంబరుకి ఫోన్ చేయండి. తర్వాతి రేవుకి వెళ్లే ఖర్చు మీదే, దారి ఏజెంట్ చెబుతాడు. పాస్‌పోర్టు పోతే పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చి, దాని కాపీతో రోమ్‌లోనే ఉన్న మన రాయబార కార్యాలయానికి వెళ్లాలి. ఏ ఆపదైనా 112కి ఫోన్ చేయొచ్చు.